లైన్లోనే ఉన్నాను

పాత టెలిఫోను ఎక్స్ఛేంజిని ఇల్లూవాకిలీ లేనివాళ్ళకు ఇచ్చేశారన్న కబురు చెల్లెలే మోసుకొచ్చింది. కూరగాయల సంచి ఇంకా చేతిలోనే ఉంది, చెప్పులు కూడా విప్పలేదు.

“అక్కా, నీ మెట్టినిల్లు తాగుబోతుల పాలయింది,” అంది గుమ్మంలోనే నిలబడి.

అక్కకు పెళ్ళి కాలేదు. చదువు అవుతూనే ఆ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే పనిచేసింది. అందుకే చెల్లెలు దాన్ని అక్క మెట్టినిల్లంటుంది. “ఊళ్ళో అందరి కాపురాలూ చెవులారా విన్నాక మా అక్కకు పెళ్ళంటేనే విరక్తి పుట్టిందండీ,” అని చుట్టాల దగ్గర హాస్యమాడుతుంది. భర్త పోయాక ఆవిడ అక్క ఇంటికి వచ్చేసింది. ఒకరి మాట ఒకరికి పడకుండా, ఒకరు లేకుండా ఒకరికి పూట గడవకుండా ఇద్దరూ రోజులు వెళ్ళబుచ్చుతున్నారు.

“తాగుబోతులేమిటే?”

“వీధుల్లో పడి ఉండేవాళ్ళను తీసుకొచ్చి, తాగుడూ మత్తుమందులూ మాన్పించి, ఏదో ఒక పని దొరికేదాకా ఉంచుకుంటారట. మానుతున్నారో, మానినట్టు నటిస్తున్నారో ఆ దేవుడికే తెలియాలి.”

మర్నాడు పొద్దున్నే అక్క బీరువా తెరిచి, వాడకుండా పడి ఉన్న దుప్పట్లు బయటికి తీసి దులుపుతుంటే చెల్లెలు గోడకానుకుని చూసింది.

“దానానికా వెళ్ళేది, మెట్టినిల్లు చూసుకోడానికా?”

“నీకెందుకే,” అంది అక్క, నవ్వు ఆపుకుంటూ.

ఎక్స్ఛేంజి మూతపడ్డాక ఆమె మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు. అటు పని పడితే సందులన్నీ తిరిగి వెళ్ళేది. అలాంటిది, ఆ రోజు దుప్పట్ల మూట చంకన పెట్టుకుని తిన్నగా గేటు ముందు దిగింది.

గేటుకు కొత్త బోర్డు తగిలించారు గానీ లోపలంతా పాతదే. మెట్లు మధ్యలో అరిగి గుంటలు పడి ఉన్నాయి. డ్యూటీకి ఆలస్యమైందని గుండెలు చేత పట్టుకుని పరిగెత్తిన ఆడపిల్లల చెప్పులు అరగదీసిన మెట్లవి. అందులో ఆమె చెప్పులూ ఉన్నాయి. మెట్ల పక్క కమ్మీ మీద చెయ్యి వేస్తే వేళ్ళు వాటంతటవే వంపు తిరిగాయి.

ఆశ్రయం చూసుకునే వార్డెను ఎదురొచ్చాడు. బొద్దుగా ఉన్న నడివయసు మనిషి. తనూ ఒకప్పుడు ఇలాంటి చోటే తాగుడు మానానని, మనం ఊరూ పేరూ చెప్పుకున్నంత తేలిగ్గా, మొదటి మాటల్లోనే చెప్పేశాడు. ఆమె ఇక్కడే ఉద్యోగం చేసిందని విని అతని మొహం విప్పారింది.

“అయితే పైకి రండమ్మా, చూద్దురుగాని. ఇది మాకన్నా ముందు మీ ఇల్లు.”

పై అంతస్తు హాలు అలాగే పొడుగ్గా ఉంది. గోడ పొడవునా స్విచ్‌బోర్డులు ఉండాల్సిన చోట ఇనప మంచాలు వేసి ఉన్నాయి. బోర్డులు బిగించిన బోల్టుల కన్నాలను సిమెంటుతో పూడ్చారు, ఆ మచ్చలు మాత్రం గచ్చు మీద వరసగా మిగిలిపోయాయి. కిటికీ పక్క మచ్చల దగ్గర ఆమె ఆగిపోయింది. తను కూర్చున్న చోటు అది.

ఆ హాల్లో ఎప్పుడూ తేనెతుట్టె కదిపినట్టు ఒకటే రొద ఉండేది. బోర్డు మీద చిన్న దీపం వెలగడం, తీగ పీకి కన్నంలో గుచ్చడం, “నంబరు చెప్పండి” అనడం. హెడ్‌సెట్ నొక్కుకుపోయి జుట్టులో అడ్డంగా ఒక గాడి పడేది. ‘రెండో పాపిడి’ అని వెక్కిరించేది చెల్లెలు. వానాకాలం లైన్లు గరగరలాడి మాట అందకపోతే, ఇటువాళ్ళ మాట అటూ అటువాళ్ళ మాట ఇటూ తనే అందించేది. “మీ అబ్బాయి పరీక్ష పాసయ్యాడటండీ!” అని తను గొంతు చించుకుని అరిచిన రోజున, పక్క బోర్డుల్లోని అమ్మాయిలంతా సొంత తమ్ముడు పాసైనట్టు చప్పట్లు కొట్టారు. సూపర్వైజరు కళ్ళెర్రజేసింది. కాసేపయ్యాక ఆవిడే వచ్చి మెల్లిగా అడిగింది, “ఏ క్లాసులో పాసయ్యాడు?” అని.

“అమ్మా, కూర్చుంటారా?” అన్నాడు వార్డెను.

ఆమె కళ్ళు తుడుచుకుంది. “రేపు కూడా రావచ్చా బాబూ?”

“వస్తే మాత్రం పని చెప్తాను.”

“చెప్పకపోతే నేనెందుకు వస్తాను?”

అలా మొదలైంది. కూరలు తరిగేది, చిరిగిన తలగడ గలీబులు కుట్టేది, జ్వరం వచ్చినవాళ్ళ పక్కన కూర్చునేది. మొదట్లో ఆ మనుషులంటే ఆమెకు బెరుగ్గానే ఉండేది. తీరా చూస్తే వాళ్ళకూ ఆమె అంటే అంతకంత బెరుకు. ఎవరో ఇంటి పెద్దావిడ తమ గురించి ఏమనుకుంటుందోనని తల దించుకుని పక్కనుంచి జారుకునేవాళ్ళు. ఆమె ఇక్కడ ఆపరేటరని తెలిశాక బెరుకు పోయింది. ‘ఆపరేటరమ్మ’ అని పేరు పెట్టేశారు.

“ఆపరేటరమ్మా, ప్రేమికుల మాటలు బోలెడు విని ఉంటారు. ఒక్కటి చెప్పండి,” అనేవాళ్ళు, ఆమె కూరలు తరుగుతుంటే చుట్టూ చేరి.

“చెప్పకూడదు. లైన్లో విన్నది లైన్లోనే పోవాలి.”

“ఇప్పుడు జీతం లేదు కదమ్మా!”

“జీతమే ఆగింది, ఒట్టు ఆగలేదు.”

అందరూ నవ్వేవాళ్ళు. ఒక్క పెయింటరు మాత్రం నవ్వేవాడు కాదు. అతని మంచం సరిగ్గా కిటికీ పక్కన, ఆమె కూర్చున్న చోటే ఉండేది. లారీల వెనక పూలూ పక్షులూ, దుకాణాల మీద పేర్లూ రాసిన మనిషి. చెయ్యి వణకడంతో పని పోయింది. పని పోయాక తాగుడు ఇంకా పెరిగి చివరికి బస్‌స్టాండు అరుగుల మీదికి చేరాడు. ఇప్పుడు వణుకు తగ్గింది, మాటే ఇంకా తిరిగి రాలేదు.

ఆశ్రయంలో చేరినవాళ్ళ సెల్‌ఫోన్లు తీసి పక్కన పెట్టేస్తారు. సరుకు అమ్మేవాళ్ళూ పాత జతగాళ్ళూ ఆ ఫోన్లలోంచే పిలుస్తారు కాబట్టి. ఇంటికి ఫోన్ చెయ్యాలంటే ఆదివారం భోజనాలయ్యాక వార్డెను గదిలో చెయ్యాలి. ఆ ఫోను దగ్గరికి వచ్చేవాళ్ళు తక్కువ. ఎవరూ లేక కొందరు, ఉన్నవాళ్ళకు మొహం చూపించలేక కొందరు దూరంగానే ఉండిపోయేవాళ్ళు. పెయింటరు మాత్రం ప్రతి ఆదివారం వచ్చేవాడు. నంబరు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, చటుక్కున పెట్టేసి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు ఆపరేటరమ్మ ఉండబట్టలేక అడిగింది.

“ఎంగేజొచ్చిందా నాయనా?”

“లేదమ్మా. అక్క ఎత్తింది.”

“ఎత్తితే?”

“హలో అంది.”

“మరి?”

“పెట్టేశాను.”

ఆమె ప్రాణం ఉసూరుమంది. లైను దొరకడానికి మనుషులు పూటలకు పూటలు కాచుకున్న రోజులు చూసిన మనిషి. దొరికిన లైను చేతులారా తెంపుకోవడం ఆమె చూడలేకపోయింది.

“మా కాలంలో ఎవరూ నేరుగా మాట్లాడేవాళ్ళు కాదు,” అంది కుర్చీ దగ్గరగా జరుపుకుని. “మధ్యలో మనిషుండేది. ముందు అటువాళ్ళను పలకరించి, ఫలానావాళ్ళు పిలుస్తున్నారు, మాట్లాడతారా అని అడిగేది. సరేనంటేనే కలిపేది. అలా కలపనా?”

పెయింటరు నేల చూపులు చూశాడు. “మిమ్మల్ని తిడుతుందమ్మా.”

“తిట్టనీ. లైను దొరక్కపోతే ఊరంతా తిట్టింది నన్నే.”

ఆమె కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఫోను అందుకోగానే గొంతు మారిపోయింది. ఇంట్లో చెల్లెలితో కీచులాడే గొంతు కాదది.

“నమస్కారమండీ. మీ తమ్ముడుగారి దగ్గర్నుంచి కాల్. మాట్లాడతారా?”

“వాడింకా బతికే ఉన్నాడా?”

“ఉన్నారండీ. నా ఎదురుగానే ఉన్నారు.”

“ఉంటే ఉండనీండి.” ఫోను ఠక్కున పెట్టేసిన చప్పుడు.

“ఏమందమ్మా?” పెయింటరు కుర్చీ అంచుకు వచ్చేశాడు.

“కాల్ తీసుకోలేదు.”

“అది కాదు, ఏమంది?”

“అది నేను చెప్పకూడదు నాయనా. ఆవిడ నోటితోనే వినాలి నువ్వు.”

మరుసటి ఆదివారం కూడా అదే జరిగింది. ఆ పై ఆదివారం మాత్రం అటుపక్క ఆవిడ ఫోను పెట్టలేదు.

“మీరెవరమ్మా అసలు? వాడికేమవుతారు?”

“ఏమీ కానండీ. ఫోను కలిపేదాన్ని.”

“కలిపేవాళ్ళకు తెలియాలి కదా వాడేం చేశాడో! తల్లి పోతే చంకనేసుకుని పెంచాను వాణ్ణి. కుట్టుపని చేసి బొమ్మలేయడం నేర్పించాను. నా కుట్టుమిషను, దాని మీదే మా బతుకంతా, నేను గుడ్డలు ఇచ్చిరావడానికి వెళ్ళినప్పుడు తీసుకెళ్ళి అమ్ముకు తాగాడు. వచ్చేసరికి బల్ల ఖాళీ. దారపు ఉండ మాత్రం జాగ్రత్తగా కిటికీలో పెట్టి వెళ్ళాడమ్మా, అది నేలన పడితే మాసిపోతుందని! వింటున్నారా?”

“లైన్లోనే ఉన్నానమ్మా. చెప్పండి.”

ఆవిడ చెప్పింది. అరిచింది, ఏడ్చింది, ముక్కు చీదుకుని మళ్ళీ చెప్పింది. ఆపరేటరమ్మ ఓదార్చలేదు, తీర్పు చెప్పలేదు. ఆవిడ ఆగినప్పుడల్లా “ఉన్నానమ్మా” అంది, అంతే. ఎదురుగా పెయింటరు చేతులు రెండూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఆమె పెదవుల వంకే చూస్తున్నాడు.

చివరికి అటుపక్క గొంతు తగ్గింది. “వాడు నిజంగా మానేశాడా? మీరు చెప్పండి, మీ మాట నమ్ముతాను.”

“ఆ మాట ఆయన్నే అడగాలమ్మా. కలపనా?”

“ఇవాళ వద్దు. ఇవాళ తిట్లే వస్తాయి నా నోట. వచ్చే వారం చెయ్యండి.”

ఆపరేటరమ్మ ఫోను పెట్టి, “వచ్చే వారం,” అంది. ఆ రెండు మాటలకే పెయింటరు గోడవైపు తిరిగి నిలబడిపోయాడు.

ఆ వారమంతా అతని కాలు నేల మీద నిలవలేదు. క్షవరం చేయించుకున్నాడు. అడగకుండానే హాలు కిటికీలకు రంగేశాడు. “అక్కా అని పిలవనా, ఏమీ అనకుండా ముందు ఆవిణ్ణే మాట్లాడనివ్వనా?” అని ఆపరేటరమ్మ వెంట పడి అడిగాడు. రంగు అయిపోయిందని శనివారం బజారుకు వెళ్ళినవాడు తిరిగి రాలేదు.

ఆ సంగతి విని ఇంటికొచ్చిన ఆపరేటరమ్మ కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయింది.

“ఏమయ్యాడని వాడు నీకు, ఇంత దిగులు?” అంది చెల్లెలు.

“ఏమీ కాడే. కలుపుతానని చెప్పాను, అంతే.”

చెల్లెలు కంచంలో ఇంకాస్త కూర వేసి, గరిటె పట్టుకుని అక్కడే కూర్చుంది.

ఆదివారం ఆపరేటరమ్మ వెళ్ళేసరికి పెయింటరు ఆశ్రయంలోనే ఉన్నాడు. బట్టల నిండా మట్టితో పొద్దున్నే వచ్చి గేటు దగ్గర కూలబడ్డాడట. వార్డెను ఒక్క మాట కూడా అనకుండా రెక్క పట్టుకుని లోపలికి తీసుకొచ్చి కింది గదిలో పడుకోబెట్టాడు.

“వాడంతట వాడు తిరిగొచ్చాడమ్మా. అది చిన్న సంగతి కాదు,” అన్నాడు. “కానీ రూలు రూలే. కొన్నాళ్ళు బయటికి ఫోన్ చెయ్యనివ్వను.”

అంతలో గదిలో ఫోను మోగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆపరేటరమ్మే ఎత్తింది.

“ఏమ్మా, చేస్తానని చెయ్యలేదేం?” అదే గొంతు. “పని మానుకుని ఫోను పక్కనే కూర్చున్నాను.”

లైన్లు బాగాలేవని చెప్తే సరిపోయేది. ఆపరేటర్ల నోట్లో ఎప్పుడూ ఆడే మాటే అది. ఆయనకు జ్వరమన్నా సరిపోయేది. రెండు మాటలూ నాలిక చివరిదాకా వచ్చాయి.

“ఏం జరిగిందమ్మా? తాగాడా?”

“నిన్న జారారమ్మా,” అంది ఆపరేటరమ్మ. ఉద్యోగమంతా ఒకరి సంగతి ఒకరికి చెప్పని మనిషి, తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “ఇవాళ పొద్దున్నే నడుచుకుంటూ వచ్చేశారు. కింద పడుకుని ఉన్నారు.”

లైను తెగిందేమోనని ఆమె అలవాటుగా ఫోను చెవికి నొక్కిపెట్టింది.

“వాడి గురించి ఇంతవరకూ నాకు ఎవరూ నిజం చెప్పలేదమ్మా,” అంది ఆవిడ చివరికి. “వాడు చెప్పలేదు, వాడి స్నేహితులు చెప్పలేదు. ఇరుగుపొరుగువాళ్ళకు నేనూ చెప్పలేదు, ఊరెళ్ళాడని బొంకాను. మీరొక్కరే చెప్పారు. వచ్చే వారం నేనే చేస్తాను.”

మరుసటి వారం ఫోను మోగినప్పుడు ఆపరేటరమ్మ వార్డెను వైపు చూసింది. అతను గడ్డం గోక్కున్నాడు.

“బయటికి చెయ్యకూడదన్నాను గానీ, వచ్చిన ఫోను ఎత్తకూడదని నేనెప్పుడన్నాను?”

పెయింటరును పిలిపించారు. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రానంటాడు. ఆపరేటరమ్మ ఫోనులో “ఆయన వచ్చారమ్మా, ఇస్తున్నాను,” అని చెప్పి, అతని చేతిలో పెట్టి, వార్డెనును కూడా బయటికి నడిపించి తలుపు వేసేసింది.

“కాస్త ఆగుదాం, ఏం మాట్లాడుకుంటారో,” అన్నాడు వార్డెను తలుపు దగ్గర తచ్చాడుతూ.

“కలిపాక వినకూడదు,” అని ఆమె అతన్ని మెట్ల దాకా తీసుకెళ్ళింది. అయినా మొదటి మాటలు చెవిన పడనే పడ్డాయి. “అవునక్కా. అవును. అమ్మేశాను. అవునక్కా.”

చాలాసేపటికి పెయింటరు బయటికొచ్చాడు. తిన్నగా కుళాయి దగ్గరికెళ్ళి మొహం కడుక్కుని, తుడుచుకోకుండానే ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

“బాగా తిట్టిందమ్మా,” అన్నాడు. బడిలో బహుమతి వచ్చిన పిల్లాడి మొహం అది.

ఆ తర్వాత ఆదివారాలు గదిలో చోటు చాలలేదు. “ఆపరేటరమ్మా, నాదీ ఒకటి కలపండి,” అని వరస కట్టారు. అన్నీ కలిశాయని కాదు. కొన్ని నంబర్లు ఎప్పుడో వేరేవాళ్ళవైపోయాయి. ఒక తండ్రి “నాకు ఆ పేరుతో కొడుకు లేడండీ,” అని మర్యాదగా చెప్పి పెట్టేశాడు. ఆ మాట ఆమె లోపలే ఉంచుకుంది, “తీసుకోలేదు నాయనా, మళ్ళీ చూద్దాం,” అంది. ఒక తల్లి ఒక్క మాటా మాట్లాడకుండా కొడుకు చెప్పేదంతా విని, చివర్లో చిన్నగా దగ్గింది. ఆ దగ్గు చాలంటూ వాడు రోజంతా పాటలు పాడుతూ తిరిగాడు.

“మళ్ళీ డ్యూటీ ఎక్కావన్నమాట,” అంది చెల్లెలు ఒక ఆదివారం, తనూ చీర మార్చుకుంటూ.

“నువ్వెక్కడికే?”

“సూపర్వైజరు లేకుండా ఎక్స్ఛేంజి నడుస్తుందా?”

చెల్లెలు వచ్చి మొదట ముక్కు మూసుకున్నంత పని చేసి, తర్వాత వంటగదిలో దూరి ఉప్పు తక్కువైందని వంటవాడితో తగువు పెట్టుకుని, చివరికి అందరికన్నా ఆలస్యంగా ఇంటికి బయల్దేరింది.

చలికాలం వెళ్ళిపోతుండగా పెయింటరు అక్క స్వయంగా వచ్చింది. ఆ గొంతును బట్టి ఆపరేటరమ్మ పొడుగ్గా, భారీగా, చేతులు తిప్పుతూ మాట్లాడే మనిషిని ఊహించుకుంది. ఉద్యోగంలోనూ అంతే, ఊహించుకున్న మొహం ఒక్కటీ సరిపోయేది కాదు. గేటు దగ్గర రిక్షా దిగింది పిట్టంత మనిషి. కళ్ళద్దాలు పెట్టుకుంది, మెడలో కొలతల టేపు తియ్యడం మరిచిపోయి అలాగే వచ్చేసింది.

“రండమ్మా, మెట్లు చూసుకుని రండి, మధ్యలో గుంటలున్నాయి,” అంది ఆపరేటరమ్మ.

ఆ గొంతు విని ఆవిడ మెట్టు మీదే ఆగిపోయింది. పైకి చూసి, రెండు చేతులూ చాచింది.

అక్కాతమ్ముళ్ళు కిటికీ పక్క మంచం మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. పెయింటరుకు బస్సుల షెడ్డులో రంగులేసే పని కుదిరింది, వచ్చే వారం అక్కడికే మకాం. మళ్ళీ జారనని అతను ఒట్టు పెట్టలేదు, ఆవిడ పెట్టించుకోనూ లేదు. “జారితే నువ్వే చెప్పు, ఇంకొకరిచేత చెప్పించకు,” అంది. అతను తలూపి టీ తేవడానికి కిందికెళ్ళాడు.

అప్పుడావిడ ఆపరేటరమ్మను పక్కన కూర్చోమని చోటు చూపించింది.

“మీరు ఈ హాల్లోనే పనిచేసేవారటగా. ఎక్కడ కూర్చునేవారు?”

ఇన్నాళ్ళూ ప్రేమికుల మాటలు చెప్పమన్నవాళ్ళే గానీ, ఎక్కడ కూర్చునేవారని అడిగినవాళ్ళు లేరు. ఆపరేటరమ్మ వంగి గచ్చు మీది సిమెంటు మచ్చలు చూపించింది.

“ఇదిగో, ఇక్కడే. మొదటి రోజు నన్ను ఈ బోర్డు ముందు కూర్చోబెట్టి సూపర్వైజరు అలా వెళ్ళిందో లేదో, రెండు దీపాలు ఒకేసారి వెలిగాయి. కంగారులో ఈ తీగ అందులో, ఆ తీగ ఇందులో గుచ్చేశాను. కట్టెల అడితికి పోవాల్సిన కాల్ తిన్నగా ఆసుపత్రికి పోయింది.”

“అయ్యో!”

“సాయంత్రానికల్లా అన్నీ కోసి పెట్టండి, లారీ పంపుతాను అని ఫోన్ చేసినాయన. ఎవర్ని కొయ్యాలయ్యా అని డాక్టరుగారు!”

ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. కళ్ళద్దాలు జారిపోతున్నా పట్టించుకోకుండా నవ్వింది. పక్క మంచాల వాళ్ళు ఒక్కొక్కరే లేచి దగ్గరికి జరిగారు. టీ గ్లాసులతో వచ్చిన పెయింటరు, అక్క అలా నవ్వడం చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“తర్వాత?” అంది ఆవిడ, ఊపిరి తిప్పుకుంటూ. “తర్వాతేమైంది, చెప్పండి.”

ఆపరేటరమ్మ కాళ్ళు మంచం మీదికి ముడుచుకుని, చెప్పడం మొదలుపెట్టింది.